మందుల కెమికల్స్ చేసే కంపెనీకి భూములెందుకు? ప్రమోటర్ కొత్త బిజినెస్ అంటే మనం భయపడాలా వద్దా

పాత_షేర్ల_పెట్టె
అందరికీ నమస్తే. నాలుగేళ్లుగా ఈ గ్రూపు చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి. నాన్నగారు పోయాక బీరువాలో ఒక పెట్టె దొరికింది, అందులో హైదరాబాద్ శివార్లలో ఉండే ఒక చిన్న లిస్టెడ్ కంపెనీ షేర్లు ఉన్నాయి. పేరు చెప్పను, చెప్తే ఇక్కడ మళ్లీ ఎవరో ఒకరు కొనేస్తారు లేదా తిట్టేస్తారు. మందుల తయారీలో మధ్య దశలో వాడే కెమికల్స్, ఇంటర్మీడియట్స్ అంటారు, అవి చేస్తారు వీళ్లు, పాతికేళ్లుగా అదే పని, లాభాలు కూడా పర్లేదు. మొన్న ఒక నోటీసు వచ్చింది, ప్రమోటర్ (అంటే కంపెనీని పెట్టి నడిపించే ఓనరు) కుటుంబానికి చెందిన ఒక ప్రైవేటు కంపెనీలో వాటా కొంటారంట, ఆ కంపెనీ చేతిలో భూములున్నాయి, అక్కడ లాజిస్టిక్స్ పార్కు, సోలారు, ఈవీ ఛార్జింగు అన్నీ పెడతారంట. పైన "డైవర్సిఫికేషన్ ద్వారా వాటాదారులకు విలువ సృష్టి" అని రాశారు.

మా మామగారేమో వెంటనే అమ్మెయ్ అంటున్నారు, మా తమ్ముడేమో టాటాలు ఉప్పు నుంచి సాఫ్ట్‌వేర్ దాకా చేయట్లేదా అంటున్నాడు. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది, అదే నా బాధ. దీనికి ఒప్పుకోవాలా వద్దా అని వాటాదారులు ఓటు వెయ్యడానికి ఇంకా రెండు వారాల టైముంది. కంపెనీ రకరకాల వ్యాపారాల్లోకి వెళ్తే మంచిదా చెడ్డదా, దాన్ని ఎలా చూడాలి?

మిర్చి_యార్డు
అమ్మెయ్యండి. తర్వాతి ప్రశ్న.

డల్లాస్_బావ
మీ మామగారే కరెక్టు. ఇక్కడ అమెరికాలో ఈ కథ ఎప్పుడో అయిపోయింది, జనరల్ ఎలక్ట్రిక్ అంతటి కంపెనీ బల్బులు, విమాన ఇంజన్లు, టీవీ ఛానల్, అప్పులిచ్చే బిజినెస్ అన్నీ ఒకే గొడుగు కింద పెట్టుకుని చివరికి మూడు ముక్కలైంది, హెల్త్‌కేర్ 2023లో విడిపోయింది, 2024 ఏప్రిల్‌లో విద్యుత్ భాగం వేరైపోయి విమాన ఇంజన్లు మాత్రం పాత పేరుతో మిగిలాయి. నేను ఎంబీఏలో చదువుకున్న లెక్క ప్రకారం రకరకాల వ్యాపారాలున్న కంపెనీకి మార్కెట్టు 13 నుంచి 15 శాతం తక్కువ విలువ కడుతుంది, బెర్గర్, ఓఫెక్ అని ఇద్దరు 1995లో తేల్చారు. నాకు ఐటీ షేరు, బ్యాంకు షేరు రెండూ కావాలంటే నేనే రెండూ కొనుక్కుంటా కదా, నా బదులు ఆ ప్రమోటర్ ఎందుకు కొనాలి? ఒక్క పని చేస్తే ఆ పనిలో కొత్తవి కనిపెడతావ్, పది పనులు చేస్తే పదింటికీ మీటింగులు పెట్టుకుంటావ్.

పీహెచ్‌డీ_ఇంకా_అవ్వలేదు
బావగారూ ఆ లెక్క 1986 నుంచి 91 వరకు అమెరికా కంపెనీలది, తీసుకొచ్చి జీడిమెట్ల మీద పెడితే ఎలా. 1997లోనే తరుణ్ ఖన్నా, కృష్ణ పాలెపు అని ఇద్దరు హార్వర్డ్ వాళ్లు దీనికి అడ్డంగా ఒక వ్యాసం రాశారు. వాళ్ల వాదన సింపుల్‌గా చెప్తా. అమెరికాలో కొత్త కంపెనీ పెట్టినోడికి వెంచర్ ఫండ్ ఉంది, మేనేజర్లు దొరుకుతారు, కాంట్రాక్టు తప్పితే కోర్టు ఉంది. మన దగ్గర అప్పట్లో ఇవేవీ సరిగ్గా లేవు, అప్పు ఇచ్చేవాడు "ఎవరి తాలూకు" అని అడిగేవాడు, మంచి ఇంజనీరు కొత్త కంపెనీలో చేరాలంటే ఇంట్లో ఒప్పుకునేవాళ్లు కాదు. అలాంటి చోట గ్రూపు అనేది తనే బ్యాంకు, తనే ట్రైనింగు కాలేజీ, తనే బ్రాండు, టాటా పేరు ఉంటే ఉప్పైనా వాచీ అయినా జనం నమ్మి కొన్నారు. కాబట్టి ఇండియాలో గ్రూపు అనగానే చెడ్డది అని కొట్టిపారెయ్యకూడదు అని.

కొత్త ఆవిష్కరణల విషయంలో కూడా రెండు వైపులా పేపర్లున్నాయి. అమిత్ సేరు అని ఒకాయన అమెరికాలో కాంగ్లోమరేట్, అంటే రకరకాల వ్యాపారాలు ఒకే గొడుగు కింద పెట్టుకున్న కంపెనీ, దాని చేతిలోకి వెళ్లిపోయిన కంపెనీలని, వెళ్లబోయి ఆఖరి నిమిషంలో డీల్ తప్పిపోయిన కంపెనీలని పక్కపక్కన పెట్టి చూశాడు, అమ్ముడైపోయిన వాటిలో పేటెంట్ల పస తగ్గింది. అదే యూరప్‌లో బిజినెస్ గ్రూపుల్ని చూసిన బెలెంజన్, బెర్కోవిట్జ్‌కి ఉల్టా కనిపించింది, గ్రూపులో ఉన్న కంపెనీలే ఒంటరి కంపెనీల కన్నా ఎక్కువ పేటెంట్లు తెచ్చాయి. తేడా ఎక్కడంటే గ్రూపులో ఒక్కో కంపెనీకి సొంత బోర్డు, సొంత లెక్కలు ఉంటాయి, కాంగ్లోమరేట్‌లో ల్యాబ్ వాళ్లు ప్రతి సంవత్సరం హెడ్డాఫీసు ముందు చెయ్యి చాపాలి.

మిర్చి_యార్డు
పాలెపు అంటే సత్యం బోర్డులో ఉన్నాయనే కదా

పీహెచ్‌డీ_ఇంకా_అవ్వలేదు
ఆయనే. ఆంధ్రా యూనివర్సిటీలో చదువుకున్న మనిషి. ఈ ప్రశ్న వస్తుందని తెలుసు 😄

మిర్చి_యార్డు
అదేనండీ నేను చెప్పేది. వ్యాసం రాసినాయన బోర్డులో ఉండగానే ఒక ఐటీ కంపెనీ భూముల కంపెనీ కొనబోయింది. 2008 డిసెంబర్ 16. ఆ రోజు మా యార్డులో కూడా టీవీ ముందే ఉన్నాం అందరం, నా దగ్గర 200 షేర్లు.

పాత_షేర్ల_పెట్టె
ఆ కథ పూర్తిగా చెప్పండి ప్లీజ్, నాకు సత్యం రామలింగరాజు గారు తప్పుడు లెక్కలు ఒప్పుకున్న లెటర్ సంగతి తెలుసు గానీ ఈ కొనడం సంగతి అంతగా గుర్తులేదు. నా కంపెనీ కథ కూడా అలాగే వినిపిస్తోంది.

మిర్చి_యార్డు
చెప్తా. సత్యం వాళ్లు మేటాస్ ప్రాపర్టీస్ మొత్తం, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం కొంటామన్నారు, మొత్తం 160 కోట్ల డాలర్లు. మేటాస్ అంటే సత్యం ఇంగ్లీషు అక్షరాల్ని తిరగేసి రాయడమే, అదేమైనా క్లూ ఇచ్చారేమో మనకి అప్పుడే. బోర్డు ఒప్పుకుంది. పైకి చెప్పిన కారణం అచ్చం మీ నోటీసులో ఉన్నదే, ఐటీ ఒక్కదాని మీద ఆధారపడితే రిస్కు, డైవర్సిఫై అవుతాం అని.

ఇక్కడ అసలు లెక్క వినండి, నేను వ్యాపారిని, నాకు ఇదొక్కటే అర్థమైంది. అప్పటికి సత్యంలో ప్రమోటర్ కుటుంబం వాటా 8.6 శాతం. మేటాస్ రెండింట్లోనూ మూడో వంతు పైనే. అంటే సత్యం గల్లాలోంచి వంద రూపాయలు తీసి మేటాస్ వాళ్లకి ఇస్తే ఎడమ జేబులోంచి పోయేది ఎనిమిదిన్నర, కుడి జేబులోకి వచ్చేది ముప్పై పైన. మిగతాది ఎవరిది? నాలాంటి వాళ్లది. న్యూయార్క్‌లో ఒక్క రాత్రిలో షేరు సగానికి పైగా పడింది, బావగారు చెప్పిన 13 శాతం డిస్కౌంటు కాదు, సగానికి సగం. తెల్లారేసరికి డీల్ రద్దు. నెలాఖరుకి డైరెక్టర్లు వరసగా రాజీనామాలు, వాళ్లలో పాలెపు గారు కూడా ఉన్నారు. జనవరి 7న లెటర్. అందులో తేలింది ఏంటంటే అసలు గల్లాలో ఆ డబ్బే లేదు, లేని డబ్బు బదులు ఉన్న భూములు పెట్టి పూడ్చేద్దాం అనేది చివరి ప్రయత్నం అంట. ఆ రోజు షేరు 179 నుంచి 40కి వచ్చింది. నేను 38కి అమ్మా. తర్వాత ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా 58కి కొంది, అది వేరే ఏడుపు.

డల్లాస్_బావ
నేను చెప్పింది ఇదే కదా!! డైవర్సిఫికేషన్ అంటే ఇంతే.

గోదారి_గట్టు
ఏవండోయ్ ఆగండాగండి. ఇందాకట్నుంచి చూస్తున్నా, కొత్త వ్యాపారం అనగానే దొంగతనం అన్నట్టు మాట్టాడేస్తున్నారు. మా తణుకు రండి ఓసారి చూపిస్తాను. ఆంధ్రా షుగర్స్ అని ఒక కంపెనీ ఉందండి, 1947లో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు మొదలెట్టింది. పేరు చూస్తే పంచదార. చెరకు ఆడితే పంచదారతో పాటు మడ్డి వస్తుంది, అదేనండీ మొలాసిస్, దాన్ని పారబొయ్యలేరు కదా, దాంట్లోంచి ఆల్కహాల్ తీశారు. ఆల్కహాల్ ఉంది కదా అని ఎసిటిక్ యాసిడ్ దారిలోకి వెళ్లారు, అక్కణ్నుంచి ఆస్పిరిన్ దాకా వెళ్లారండి, అవును తలనొప్పి మాత్రలో ఉండే ఆస్పిరినే. ఇటు కొవ్వూరు, సగ్గొండల్లో ఉప్పులోంచి కాస్టిక్ సోడా, క్లోరిన్. ఇన్ని చేసిన కంపెనీ ఇస్రోకి రాకెట్ ఇంధనం చేసి ఇస్తోందండి ఇప్పుడు, యూడీఎంహెచ్ అంటారు, పీఎస్‌ఎల్‌వీలో వికాస్ ఇంజన్ ఉంటుంది చూడండి, దాంట్లో మండే ద్రవ ఇంధనానికి అదే అసలు సరుకు. చెరకు తోటల మధ్యన తయారైన సరుకు శ్రీహరికోటలో పైకి లేస్తోంది. దీన్నేమంటారు మరి? జనరల్ ఎలక్ట్రిక్ విడిపోయింది కాబట్టి ఇది కూడా తప్పేనంటారా?

మా నాన్న ఆ ఫ్యాక్టరీకి చెరకు తోలేవాడు, బండి కాటా దగ్గర నిలబెట్టి మూడు రోజులు నిద్రపోయిన మనిషి, ఆయనకి పీఎస్‌ఎల్‌వీ లాంచి వచ్చినప్పుడల్లా టీవీ ముందు కూర్చుని "మనదే మనదే" అనడం అలవాటు. మావాళ్లకి డబ్బులు లేటయిన రోజులు కూడా ఉన్నాయి లెండి పంచదార రంగం మొత్తంలో, అది వేరే సంగతి.

ల్యాబ్_కోటు
గోదారి గారూ ఈ ఉదాహరణ నాకు భలే నచ్చింది, ఎందుకంటే నేను చెప్పాలనుకున్నది దీంతో సగం అయిపోయింది. నేను పదకొండేళ్లుగా ప్రాసెస్ కెమిస్ట్‌ని, మూడు కంపెనీలు మారాను. తణుకు వాళ్ల కొత్త వ్యాపారాలు అన్నీ పాత వ్యాపారం మిగిల్చిన దాంట్లోంచి మొలిచాయి, ఒకచోట మిగిలిన సరుకు, ఇంకోచోట మిగిలిన తెలివి. క్లోరిన్‌తో, ప్రమాదకరమైన కెమికల్స్‌తో రోజూ బతికే షిఫ్టు ఇంచార్జిలు ఉన్నచోట యూడీఎంహెచ్ లాంటి విషం చేయమంటే భయపడతారు గానీ బెదిరిపోరు. సత్యం వాళ్ల కోడర్‌కి భూమి పాసుపుస్తకంతో ఏం పని? కొత్తదాంట్లోకి వెళ్లేటప్పుడు పాత ఫ్యాక్టరీలో ఎవరైనా "ఇది మా పనే" అని చెయ్యెత్తగలరా లేదా అనేది నేను చూస్తా. మీ కంపెనీలో రియాక్టర్ ఆపరేటర్ ఎవరైనా లాజిస్టిక్స్ పార్కు గురించి చెయ్యెత్తుతాడా?

ఇక ఓనర్‌షిప్ సంగతి, అది ఇంకా పెద్ద కథ, రాత్రి డ్యూటీ నుంచి వచ్చి రాస్తా.

జీడిమెట్ల_అన్న
అందరు ప్రమోటర్ల గురించే మాట్లాడుతున్రు గదా, జర్ర బాలానగర్ దిక్కు గూడ సూడున్రి. మా బాపు ఐడీపీఎల్‌ల చేసిండు, ముప్పై ఏండ్లు. సర్కారు మందుల కంపెనీ, రష్యావాళ్ల సాయంతోని పెట్టిండ్రు. నష్టాలల్ల మునిగి మూతవడ్డది, గది అందరికి ఎర్కే. గని డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి సారు ఏడికెళ్లి అచ్చిండు? ఐడీపీఎల్‌ల కొలువు జేసే బయటికొచ్చిండు. ఆయనొక్కడే గాదు, ఆడ పని నేర్సి జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరుల షెడ్లు కిరాయికి దీస్కొని కంపెనీలు వెట్టినోళ్లు మస్తుమంది. ఆ కంపెనీ పైసలు సంపాయించలే గని మొత్తం ఊరికి పని నేర్పింది. దాని బ్యాలెన్స్ షీట్ జూస్తే ఫెయిలు, ఊరిని జూస్తే పాసు. ఓనర్‌షిప్ అంటే గిది గూడ లెక్కల వట్టాలె.

ఇగ 1970ల పేటెంట్ చట్టం మారింది, మందుకు పేటెంట్ లేదు చేసే పద్ధతికే ఉంటది అన్నరు, గందుకే మనోళ్లు అదే మందుని ఇంకో తోవల చేసుడు నేర్సిండ్రు. 2005ల మళ్ల మారింది. గీ రెండు తారీకుల మధ్యల్నే హైదరాబాద్ ఫార్మా అయింది. డైవర్సిఫికేషన్ గిట్ల ఏం లేకుండె, ఒక్కటే పని, వంద రకాలుగ.

డల్లాస్_బావ
అన్నా ఇది ఒప్పుకుంటా. నాకు తణుకు సంగతి తెలీదు నిజంగా. కానీ ఒక మంచి ఉదాహరణ చూపించి రూలు మార్చేస్తే ఎలా? లాంకో చూడండి, కాంట్రాక్టుల నుంచి కరెంటుకి, కరెంటు నుంచి ఆస్ట్రేలియాలో గ్రిఫిన్ బొగ్గు గనులకి, ఒకదానికి ఒకటి సంబంధం ఉన్నదే కదా, బొగ్గు కావాలి కరెంటుకి. ఏమైంది, 2017లో దివాలా కోర్టుకి, 2018లో లిక్విడేషన్, అంటే ఆస్తులమ్మి మూసెయ్యడం.

ల్యాబ్_కోటు
మంచి పాయింటు. సంబంధం ఉంటే సరిపోదు, ఎవరి డబ్బుతో వెళ్తున్నావ్ అనేది కూడా. అక్కడ అప్పు.

సరే రాస్తానన్నా కదా. ఓపిక ఉన్నవాళ్లు చదవండి, లేనివాళ్లు మిర్చి గారి పోస్టు చదువుకోండి.

మందుల్లో కొత్తది కనిపెట్టడం అంటే రెండు రకాలు. ఉన్న మందుని చవగ్గా, శుభ్రంగా చేసే కొత్త దారి వెతకడం ఒకటి. అసలు లేని మందుని కనిపెట్టడం రెండోది. మొదటి దానికి రెండు మూడేళ్లు, రెండో దానికి పన్నెండు పదిహేనేళ్లు, అది కూడా చివరికి చెత్తబుట్టలోకి వెళ్లొచ్చు. ఎవరి డబ్బు పదిహేనేళ్లు ఆగగలదు? ఓనర్‌షిప్ ప్రశ్న అంటే నాకు ఇదే.

డాక్టర్ రెడ్డీస్ 1984లో మొదలైంది, 1993లో కొత్త మందుల కోసం రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టారు. 1997లో వాళ్ల డయాబెటిస్ మాలిక్యూల్ బాలాగ్లిటజోన్‌ని డెన్మార్క్ నోవో నార్డిస్క్‌కి లైసెన్స్ ఇచ్చారు, ఒక ఇండియన్ కంపెనీ తను కనిపెట్టిన మాలిక్యూల్‌ని విదేశీ కంపెనీకి ఇవ్వడం అదే మొదటిసారి. ఆ తర్వాత రాగాగ్లిటజార్. 2002లో ఎలుకల్లో ట్యూమర్లు కనిపించాయని ట్రయల్స్ ఆపేశారు. నేను అప్పటికి స్కూల్లో ఉన్నా, కానీ మా సీనియర్లు ఆ రోజు గురించి ఎవరో ఇంట్లో మనిషి పోయినట్టు చెప్తారు. ఒక ప్రమోటర్ మొండి పట్టుదల లేకపోతే అది మొదలయ్యేదే కాదు, ప్రతి మూడు నెలలకీ లాభం అడిగే వాటాదారు ఆ ఖర్చు ఒప్పుకోడు. అదే సమయంలో 2001లో న్యూయార్క్‌లో లిస్ట్ అయ్యారు, బయటి వాటాదారులు పెరిగారు, ప్రమోటర్ల వాటా ఇప్పుడు పావు వంతుకి కాస్త పైన. 2005లో ఏం చేశారంటే మాలిక్యూల్స్‌ని పెర్లికన్ అని వేరే కంపెనీలో పెట్టి ఐసీఐసీఐ వెంచర్, సిటీగ్రూప్ వెంచర్‌ల డబ్బు తెచ్చారు, అంటే రిస్కుని వేరే జేబులోకి మార్చారు. ఆ మరుసటి ఏడే 2006లో జర్మనీలో బీటాఫార్మ్ అనే జెనరిక్స్ (పేటెంట్ అయిపోయిన మందులు) కంపెనీని 48 కోట్ల యూరోలకి కొన్నారు, తర్వాత అక్కడ ప్రభుత్వం ధరల రూల్స్ మార్చేసరికి ఆ విలువలో పెద్ద భాగం లెక్కల్లోంచి కొట్టెయ్యాల్సి వచ్చింది. నాకు ఎప్పుడూ అనిపిస్తుంది, ఎలుకల ట్యూమర్ అంటే అందరికీ రిస్కులా కనిపిస్తుంది, తెలిసిన వ్యాపారమే కదా అని పెద్ద మొత్తం పెట్టి కొనడం మాత్రం ఎవరికీ రిస్కులా కనిపించదు.

దీనికి పూర్తి ఎదురు దివీస్. మురళి దివి గారు అంజిరెడ్డి గారితోనే పనిచేసి 1990లో బయటికొచ్చారు. కుటుంబం వాటా సగానికి పైన, సుమారు 52 శాతం. ఒక్కటే పని, వేరే వాళ్ల మందులకి కావాల్సిన సరుకు చేసిపెట్టడం, కస్టమర్‌తో పోటీకి దిగకపోవడం. కొత్త మందు కనిపెట్టరు, ఉన్నదాన్ని చేసే దారిలో మాత్రం అదరగొడతారు. బోరింగ్ కంపెనీ అంటారు మా ఫ్రెండ్స్, జీతం పడే రోజు తప్ప.

కాబట్టి కుటుంబం చేతిలో ఉంటే కొత్తవి వస్తాయా రావా అంటే, కుటుంబం దేనికి ఓపిక పడుతుందో అవి వస్తాయి. అంతే.

పీహెచ్‌డీ_ఇంకా_అవ్వలేదు
చిన్న సవరణ మేడమ్, బయటి సంస్థాగత వాటాదారులు వస్తే మూడు నెలల లాభమే అడుగుతారు అనేది పూర్తిగా నిజం కాదు. అఘియన్, వాన్ రీనెన్, జింగాలెస్ 2013లో రాసిన పేపర్లో అమెరికా కంపెనీల్లో పెద్ద ఫండ్ల వాటా పెరిగితే ఆవిష్కరణలు పెరిగాయని వచ్చింది. ఎందుకంటే ప్రాజెక్టు ఫెయిలయితే సీఈఓ ఉద్యోగం పోతుందనే భయం తగ్గుతుంది, లోపల ఏం జరిగిందో ఫండ్ వాళ్లకి తెలుసు కాబట్టి దురదృష్టం ఏదో చేతకానితనం ఏదో విడదీసి చూడగలరు.

ఇంకోటి, మిర్చి గారి జేబుల లెక్క ఉంది చూశారా, దాని మీద 2002లో అచ్చంగా ఇండియా గ్రూపుల డేటాతోనే పేపర్ ఉంది, బెర్ట్రాండ్, మెహతా, ముల్లైనాథన్. ప్రమోటర్ వాటా తక్కువున్న గ్రూపు కంపెనీకి మంచి కాలం వచ్చినా ఆ లాభం అక్కడ పూర్తిగా కనిపించదు, ప్రమోటర్ వాటా ఎక్కువున్న కంపెనీ వైపు జారిపోతుంది. టన్నెలింగ్ అంటారు, మన భాషలో సొరంగం.

మిర్చి_యార్డు
200 షేర్లు పోగొట్టుకుంటే నాకు ఫ్రీగా తెలిసింది, వీళ్లు పేపర్ రాశారు

గోదారి_గట్టు
😂😂

శాంతినగర్_సుబ్బు
విదేశీ ఓనర్ సంగతి ఎవరూ మాట్లాడలేదేంటి. శాంతా బయోటెక్ గుర్తుందా? 1993లో వరప్రసాద్ రెడ్డి గారు పెట్టారు, ఎవరూ డబ్బివ్వకపోతే ఒమన్ విదేశాంగ మంత్రి పెట్టుబడి పెట్టారు, 1997లో హెపటైటిస్-బి టీకా శాన్‌వాక్ వచ్చింది, దేశంలో రీకాంబినెంట్, అంటే జన్యువుల్ని మార్చి చేసే టీకా అదే మొదటిది. ఆ తర్వాత 2006లో ఫ్రాన్స్ వాళ్లు పెద్ద వాటా కొన్నారు, 2009లో సనోఫీ చేతికెళ్లింది. అప్పుడందరూ మన కంపెనీ ప్రపంచ స్థాయికి వెళ్లిందన్నారు, నేనూ అన్నా.

ల్యాబ్_కోటు
సుబ్బు గారూ దీనికి రెండో భాగం ఉంది, అది నాకు బాగా కోపం తెప్పించేది. శాంతాలో నోటితో తాగించే కలరా టీకా శాన్‌కాల్ చేసేవాళ్లు. ప్రపంచంలో కలరా టీకా పెద్ద ఎత్తున చేసే వాళ్లే ఇద్దరు ముగ్గురు, అందులో హైదరాబాద్ ఒకటి. సనోఫీ దాన్ని ఆపేస్తామని చెప్పి ఆపేసింది, 2023 చివరికి సరఫరా కూడా అయిపోయింది, సరిగ్గా ప్రపంచంలో కలరా మళ్లీ పెరిగి టీకాలు చాలక మనిషికి రెండు డోసులు వెయ్యాల్సిన చోట ఒక్కోటే పంచుతున్న రోజుల్లో. వాళ్ల వైపు నుంచి చూస్తే తప్పేం లేదు, ప్రపంచమంతా ఉన్న కంపెనీ, వందల ప్రొడక్టులు, ఇది పేదవాళ్ల జబ్బు, డోసుకి వచ్చేది రెండు డాలర్ల లోపే. పారిస్‌లో స్ప్రెడ్‌షీట్‌లో అదొక చిన్న లైను. 2024 ఆగస్టులో ఆ ఖాళీలోకి భారత్ బయోటెక్ హిల్‌కాల్ అనే టీకాతో వచ్చింది, అది లిస్ట్ కూడా కాని కుటుంబ కంపెనీ, టీకా మూలం హిల్‌మాన్ ల్యాబ్స్‌ది. అదే ఊరు, అదే జబ్బు, ఓనర్ మారేసరికి లెక్క మారిపోయింది.

జీడిమెట్ల_అన్న
గది అసలు ముచ్చట.

ఒక నా అనుభవం జెప్త. నేను పనిజేసిన ఒక కంపెనీల, పేరొద్దు, ఒక రోజు పొద్దుగాల వచ్చి సూస్తే క్యూసీ ల్యాబ్, గదే సరుకు క్వాలిటీ సూసే ల్యాబ్, దాని మీద బోర్డు మారింది, "ఆర్ అండ్ డీ సెంటర్" అని. లోపట అదే మేము, అవే టెస్టులు, అదే పాత హెచ్‌పీఎల్‌సీ మిషను. ఏంది సార్ అంటే రీసెర్చ్ మీద వంద ఖర్చు వెడితే రెండొందలు చూపిచ్చి ట్యాక్స్ తగ్గిచ్చుకోవచ్చన్నడు. అప్పట్ల నిజంగనే 200 శాతం ఉండె, తర్వాత 150 చేసిండ్రు, 2020 సంది వందే. ఆ రాయితీ పోంగనే మళ్ల బోర్డు మారింది, క్యూసీ అని. మేము మాత్రం ఆడ్నే ఉన్నం. గందుకే ఎవడన్న రీసెర్చ్ మీద ఇంత శాతం ఖర్చు అంటే నాకు నవ్వొస్తది.

అడ్మిన్_డెస్క్
ఒక కామెంట్ తీసేశాం, పాల కంపెనీ ఉదాహరణ బానే ఉంది గానీ కింద పార్టీల గొడవ మొదలైంది. పార్టీలు వద్దు, వ్యాపారం మాత్రమే.

డల్లాస్_బావ
అడ్మిన్ గారు నాది కాదు కదా 😅 సరే ఒక ప్రశ్న, అమర రాజాని ఏ లెక్కలో వేస్తారు? లెడ్ బ్యాటరీలు చేసేవాళ్లు లిథియం అంటున్నారు, మహబూబ్‌నగర్ దివిటిపల్లిలో గిగా ఫ్యాక్టరీ, పదేళ్లలో 9,500 కోట్లు అన్నారు, 2023లో కంపెనీ పేరులోంచి బ్యాటరీస్ తీసేసి ఎనర్జీ అండ్ మొబిలిటీ అని పెట్టుకున్నారు. ఇది తణుకా మేటాసా?

ల్యాబ్_కోటు
తణుకు వైపే, కానీ సగం. కస్టమర్ అదే, డీలరు అదే, బండి వాడే మనిషి అదే. కెమిస్ట్రీ మాత్రం పూర్తిగా వేరు, సీసం వంచడం వచ్చినవాడికి లిథియం సెల్ రాదు, డ్రై రూములు కావాలి, గాల్లో తేమ ఉండకూడదు. అందుకే 2024లో గోషన్ అనే చైనా కంపెనీ గ్రూపు నుంచి ఎల్‌ఎఫ్‌పీ అనే రకం లిథియం సెల్స్ టెక్నాలజీ లైసెన్స్ తీసుకున్నారు. ఇదివరకు కూడా అమెరికా జాన్సన్ కంట్రోల్స్ 26 శాతం వాటాతో ఉండి టెక్నాలజీ ఇచ్చేది, 2019లో ఆ ఒప్పందం అయిపోయింది. అంటే కొని తెచ్చుకున్న తెలివిని సొంతం చేసుకోవడం వాళ్లకి ముందు నుంచీ అలవాటే. ఈసారి అవుతుందా అంటే నేను పందెం కాయను. కనీసం ఇది పబ్లిక్‌గా అందరి కళ్లముందు జరిగే రిస్కు, అన్నదమ్ముల భూమి కాదు.

పాత షేర్లు గారూ, మీ అసలు ప్రశ్నకి. మీ కంపెనీ యాన్యువల్ రిపోర్టులు ఐదేళ్లవి తీయండి. డైరెక్టర్ల రిపోర్టు వెనక ఒక అనెక్జర్ ఉంటుంది, కరెంటు పొదుపు, టెక్నాలజీ వినియోగం, విదేశీ మారకం అని మూడు కలిపి ఉంటాయి, చట్ట ప్రకారం రాసి తీరాలి. ఎవరూ చదవరు దాన్ని. అందులో రీసెర్చ్ ఖర్చు ఎంత, ఏం చేశారు అని ఉంటుంది. ఐదేళ్లవి పక్కపక్కన పెట్టి చదవండి.

మిర్చి_యార్డు
దాంతోపాటు నోట్స్‌లో రిలేటెడ్ పార్టీ లావాదేవీలు అని ఉంటాయి, అంటే ప్రమోటర్ సొంత మనుషులతో, వాళ్ల కంపెనీలతో చేసినవి, అవీ ఐదేళ్లవి. అద్దె, అడ్వాన్సు, లోను, ఈ మూడు మాటలు వెతకండి. ఆ భూముల కంపెనీకి ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే కొనడం ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నది సంతకం మాత్రమే.

పీహెచ్‌డీ_ఇంకా_అవ్వలేదు
ఇంకోటి ముఖ్యమైనది. ఇది పెద్ద రిలేటెడ్ పార్టీ లావాదేవీ కింద వాటాదారుల ముందుకి వచ్చి ఉంటే ప్రమోటర్లు దానికి అనుకూలంగా ఓటు వెయ్యకూడదు, సెబీ రూల్. అంటే మీ చిన్న ఓటుకి ఇక్కడ మామూలు కన్నా బరువెక్కువ. ఈ-ఓటింగ్ ఫోన్లోనే అయిపోతుంది, ఐదు నిమిషాలు.

పాత_షేర్ల_పెట్టె
తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నా, సారీ. ఐదు రిపోర్టులూ ప్రింటు తీశా, మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టు అనుకుంది.

ముందు ల్యాబ్ కోటు గారు చెప్పింది. రీసెర్చ్ గురించి నాలుగేళ్లు ఒకే పేరా. మక్కీకి మక్కీ. ఒక స్పెల్లింగ్ తప్పు కూడా నాలుగేళ్లూ అదే చోట ఉంది. అంతకుముందు ఏడాది రిపోర్టులో మాత్రం ఒక ఇంటర్మీడియట్‌లో సాల్వెంట్ వాడకం తగ్గించాం అని వివరంగా, ఎంత మిగిలిందో లెక్కతో సహా రాశారు. అంటే అప్పటికి అక్కడ ఎవరో పనిచేసేవాళ్లు ఉన్నారు, తర్వాత లేరు. ఇది చూశాక నాకు భూముల కన్నా ఇదే ఎక్కువ బాధనిపించింది.

మిర్చి గారూ, అడ్వాన్సు ఉంది. మూడేళ్లుగా. ప్రతి ఏడాదీ పెరుగుతూ.

మిర్చి_యార్డు
ఊఁ

గోదారి_గట్టు
అయ్యో. ఓటేశారా మరి?

పాత_షేర్ల_పెట్టె
వద్దు అని వేశా. మా తమ్ముడితో కూడా వేయించా, వాడు ఇప్పటికీ టాటా టాటా అంటూనే ఉన్నాడు. కంపెనీ సెక్రటరీకి మెయిల్ కూడా పెట్టా, ఆ సాల్వెంట్ పని చేసిన టీమ్ ఇప్పుడు ఉందా అని. రెండు లైన్ల జవాబొచ్చింది, "మీ ఆసక్తికి ధన్యవాదాలు, వివరాలు యాన్యువల్ రిపోర్టులో ఉన్నాయి" అని.

ల్యాబ్_కోటు
ఆ ఇంటర్మీడియట్ పేరు, ఆ ఏడాది నాకు మెసేజ్ చెయ్యండి. ఆ పని చేసిన వాళ్లలో ఒకరు ఇప్పుడు నా పక్క బెంచీలో కూర్చుంటున్నారేమో అని ఒక అనుమానం.